భాగిద్దాం, బాగుపడదాం

ముక్కలపాలెం బడికి గదులు మూడు, సెక్షన్లు ఆరు. తొమ్మిదేళ్ళుగా ఈ రెండంకెలకీ పడటం లేదు. మూడు సెక్షన్లు గదుల్లో పడి చదువుకుంటుంటే, తక్కిన మూడూ బయట చదువుకుంటూ పడి ఉండేవి. ఒకటి వరండాలో, ఒకటి సైకిళ్ళ షెడ్డులో, ఒకటి కొబ్బరిచెట్ల నీడలో. ఒకసారి ఆ కొబ్బరిచెట్ల సెక్షను నడిమధ్య ధడేలుమని ఓ కాయ పడింది. ఆ పూట పాఠం గురుత్వాకర్షణ. సైన్సు పాఠాన్ని చక్కగా ప్రయోగం చేసి చూపుతున్నారని పైనుంచి మెచ్చుకోలు లేఖ వచ్చింది. గది మాత్రం రాలేదు.

గదుల కోసం అర్జీలు పెడుతున్నవాడు లెక్కల మాస్టారు కొప్పిశెట్టి భీమశంకరం. రాసి రాసి ఆయన దస్తూరీ తిరిగింది గానీ బడి దశ తిరగలేదు. తొమ్మిదో ఏట, ఆ అర్జీల బరువుకి ఏ బీరువా కాలు విరిగిందో ఏమో, ఉన్నట్టుండి మూడు కొత్త గదులు మంజూరయ్యాయి. లారీలో ఇటుకలొచ్చాయి, ట్రాక్టర్లో ఇసకొచ్చింది. గంగరాజు మేస్త్రి వచ్చి నేల మీద ముగ్గుతో పునాది గీతలు పోశాడు. ఇంక ఒకే ఒక్క కాగితం తక్కువ. "ఈ బడిలో గదుల కొరత కలదు" అని సంయుక్త సంచాలకుల వారి సంతకం. నెలాఖరు శుక్రవారంలోగా ఆ సంతకం పడకపోతే ఇటుకలు మళ్ళీ లారీ ఎక్కి పక్క మండలం వెళ్ళిపోతాయి.

"కొబ్బరికాయ పడ్డ పిల్లోడి బొప్పి చూపిస్తే చాలదేంటండీ?" అన్నాడు గంగరాజు.

"బొప్పి మీద రబ్బరు ముద్ర లేదు కదా," అన్నాడు భీమశంకరం.

సరిగ్గా అప్పుడే ఉత్తర్వు దిగింది.

"ఇందుమూలముగా యావన్మంది గణితోపాధ్యాయులకు తెలియజేయునదేమనగా, ఇకమీదట భిన్నముల భాగహారమును నోటితో చెప్పరాదు, కంటికి చూపవలెను. తలకిందులు చేసి గుణించుట తక్షణమే నిషేధించడమైనది. దృశ్య నమూనా లేని భాగహారము భాగహారముగా పరిగణింపబడదు. తనిఖీ సమయమున ప్రతి తరగతిలోను ఉమ్మడి హారము సిద్ధముగా ఉండవలెను."

నిజం చెప్పాలంటే భీమశంకరానికి ఈ ఉత్తర్వు నచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పిల్లలకి "రెండో భిన్నాన్ని తిరగెయ్యండ్రా, గుణించండ్రా" అని చెబుతూనే ఉన్నాడు. ఎందుకు తిరగెయ్యాలని ఎవడైనా అడిగితే, వాణ్ణే తిరగేసి వాయించేవాడు. అదొక్కటే ఆయన దగ్గరున్న దృశ్య నమూనా. ఇన్నాళ్ళకి ఆ పాపం కడుక్కునే అవకాశం వచ్చింది.

ఇన్‌చార్జి హెడ్మిస్ట్రెస్ పేరిందేవి గారికి మాత్రం ఉత్తర్వు చదివితే చెమట్లు పట్టాయి. ఆవిడ తెలుగు పండితురాలు. లెక్కలంటే భక్తి కంటే భయం ఎక్కువ.

"శంకరం గారూ, ఈ ఉమ్మడి హారం సంగతి ఏవిటండీ? తరగతికొకటి కాకుండా అన్నిటికీ కలిపి ఒక్కటే చాలా?"

"ఒక్కటే చాలండి. అన్నిటికీ సరిపోయేలా చూడటమే," అన్నాడు భీమశంకరం, బుర్రంతా పాఠం మీదే పెట్టి. "కనిష్ఠం అయితే మరీ మంచిది."

"కనిష్ఠం అంటే బారెడు చాలంటారా?"

"ఎంత చిన్నదైతే అంత శ్రేష్ఠం అమ్మా."

పేరిందేవి గారు బారెడు బంతిపూల హారం కట్టించారు. హారం అంటే భిన్నంలో కింద ఉండే అంకె అని ఆవిడకి చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆవిడ లెక్కలో హారం ఉండేది మెడలో.

తనిఖీ రోజున భీమశంకరం ఏడో తరగతిలోకి మూడు మామిడి తాండ్ర పలకలు పట్టుకెళ్ళాడు. ఇంతకాలం పలక మీద సాగిన పాఠం ఆ రోజు పలకలతోనే సాగింది.

"ఇవి మూడు. వీటిని అర అర ముక్కలుగా కోస్తున్నా. చూడండి. మొత్తం ఎన్నొచ్చాయి?"

"ఆరండీ!"

బోర్డు మీద పెద్దగా రాశాడు. 3 ÷ ½ = 6.

ముందు బెంచీలో నూకరత్నం అనే పిల్ల లేచింది. "భాగిస్తే తగ్గాలి గదండీ మాస్టారూ? పెరిగిందేంటండీ?"

ఇరవై ఆరేళ్ళుగా వీపు వాయించిన ప్రశ్న అది. ఈసారి భీమశంకరం నవ్వాడు. "భాగించడం అంటే పంచిపెట్టడం ఒక్కటే కాదే తల్లీ. ఇందులో అలాంటివి ఎన్నున్నాయని అడగడం కూడా భాగించడమే. మూడు పలకల్లో సగాలెన్ని? ఆరు. ముక్కలు పెరిగాయి. తాండ్ర పెరిగిందా?"

"లేదండీ, తరిగిందండీ! ఆ చివరోడు అంచు నాకేసేడండీ!"

క్లాసు క్లాసంతా గొల్లుమంది. భిన్నాల భాగహారం దగ్గర పిల్లలు నవ్వడం భీమశంకరం తన సర్వీసులో మొదటిసారి చూశాడు. ఆ ఆనందంలో ఉండగానే గుమ్మంలో గొంతు ఖంగుమంది.

"అద్భుతము!"

సంయుక్త సంచాలకులు విక్రమ వర్మ గారు. మెడలో ఉమ్మడి హారం. వెనక పేరిందేవి గారు, ఆవిడ వెనక ఫైళ్ళు మోస్తున్న గుమాస్తా. వర్మగారికి క్రమమూ తెలియదు, వ్యుత్క్రమమూ తెలియదు. ఉన్నదంతా విక్రమమే. ఆయన కళ్ళు బోర్డు మీద అతుక్కుపోయాయి.

"మాస్టారూ! మూడు లోపలికి పోయి ఆరై బయటికి వచ్చినదా?"

"ఆయ్, ఇందులో..."

"అదనపు కేటాయింపు లేకుండా?"

"లేకుండానే సార్."

"టెండరు?"

"తాండ్రే సార్."

వర్మగారు వరండాలోకి నడిచారు. గదులు లెక్కపెట్టారు. మూడు. బయట ఎండలో ఉన్న పిల్లల్ని కూడా కలుపుకుని సెక్షన్లు లెక్కపెట్టారు. ఆరు. మళ్ళీ వెనక్కొచ్చి బోర్డు చూశారు. అటు మూడు, ఇటు ఆరు. ఆయన ముఖంలో లైటు వెలిగింది. ఎక్కడో ఫ్యూజు పోయిన చప్పుడు భీమశంకరానికి వినపడింది.

"గదులు మూడు. వాటిని అరచే భాగించిన యెడల ఆరు. సెక్షన్లు ఆరు. ఆరుకు ఆరు సరి! ఇందుగలడందులేడన్నట్టు ఆరు గదులు మీ బడిలోనే ఇన్నాళ్ళూ నిక్షిప్తమై ఉండగా, మీరు తొమ్మిదేళ్ళు అర్జీలు పెట్టి ప్రభుత్వ సమయమును భక్షించితిరి." పెన్ను తీసి ధ్రువపత్రం మీద బరబరా రాసేశారు. "గదుల కొరత లేదు."

భీమశంకరం కాళ్ళ కింద పునాది కదిలింది. అప్పటికింకా వెయ్యని పునాది.

"సార్, సార్! అవి ఆరు గదులు కాదండీ! ఆరు సగాలండీ!"

"సగాలు అనునది మీ వ్యక్తిగత అభిప్రాయము. ఆరు అనునది గణితము," అన్నారు వర్మగారు. "భిన్నముల విషయమున భిన్నాభిప్రాయములకు తావు లేదు."

మర్నాటికల్లా గదులు భాగించబడ్డాయి. ఒక్కో గదికీ నట్టనడుమ సుద్దముక్కతో గీత. తలుపు ఒక సగంలో పడింది, నల్లబోర్డు ఇంకో సగంలో పడింది. తలుపున్న సెక్షను రాగలదు గానీ చదవలేదు. బోర్డున్న సెక్షను చదవగలదు గానీ రాలేదు. ఫ్యాను సరిగ్గా గీత మీద ఉండటంతో, గాలి ఎవరికి చెందాలో తేల్చమని పేరిందేవి గారు పైకి రాశారు. తేలే వరకు ఫ్యాను ఆపి ఉంచమని కిందికి రాశారు.

వారం తిరక్కుండానే రెండో ఉత్తర్వు. మాస్టర్లు నలుగురు. అరతో భాగిస్తే ఎనిమిది. సిబ్బంది కొరత సమూలంగా తీరింది. హాజరు పట్టీలో భీమశంకరానికి రెండు వరసలు కేటాయించారు. పైవరసలో "భీమ" అని సంతకం, కింది వరసలో "శంకరం" అని సంతకం. భీమకి జ్వరం వస్తే శంకరం రావాలి. ఇద్దరూ ఒకేసారి సెలవు పెడితే కుమ్మక్కు. పేరిందేవి గారు "పేరి" అనే ఉద్యోగినిగా, "దేవి" అనే హెడ్మిస్ట్రెస్‌గా విడిపోయారు. దేవి తీసుకున్న నిర్ణయాల మీద పేరి సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చేది.

"పొద్దున్న నాకు నేనే మెమో ఇచ్చుకున్నానండీ," అని ఆవిడ కళ్ళొత్తుకున్నారు. "ఆ దేవిది మరీ రాతిగుండె."

జిల్లా జిల్లా అంతా గోడల మీద నినాదం వెలిసింది. "భాగిద్దాం, బాగుపడదాం!" పత్రికల్లో వర్మగారి ఫోటో పడింది, ఒక ఇటుక కూడా పేర్చకుండా గదులు రెట్టింపు చేసిన దార్శనికుడని. రాసిన విలేకరికి సగం కాలమే ఇచ్చారు. కాలం మారింది మరి.

ఇంకో ఉత్తర్వు వంటశాల మీద పడింది. గుడ్డు ఒకటి. అరతో భాగించగా రెండు. కావున నూట ఇరవై మంది పిల్లలకు అరవై గుడ్లు చాలును.

మధ్యాహ్న భోజనం వండే మంగతాయారు గరిటె పట్టుకుని స్టాఫు రూములోకే వచ్చేసింది. "ఏంటండీ శంకరం గారూ ఇదీ?"

"శంకరం మధ్యాహ్నం నుంచి అమ్మా. ఇప్పుడు భీమ డ్యూటీ," అన్నాడు భీమశంకరం నీరసంగా.

"ఎవరైతే నాకేటండీ. మూడు తాండ్ర ముక్కలు కోసి ఊరి కొంప కోసేసేరు కదండీ. ఎల్లుండి శుక్రవారం. ఇటుకల లారీ వచ్చేత్తందంట. గంగరాజు పొద్దుట్నుంచి ఆ ఇటుకల మీదే కూచున్నాడు, లేపితే లేవట్లేదు."

భీమశంకరం తలొంచుకున్నాడు. తొమ్మిదేళ్ళ అర్జీలు ఒక్క పాఠంతో పోగొట్టాడు. చెడు పాఠం చెప్పి ఉంటే గదులు వచ్చేవి. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి మంచి పాఠం చెప్పాడు, కొంప మునిగింది.

"ఏం చెయ్యనమ్మా. వాళ్ళ లెక్కలో తప్పు పట్టలేకపోతున్నా. అంకె సరే. అది దేని అంకె అన్నదే వాళ్ళు వినరు. నీ గుడ్లు మాత్రం ఏమయ్యాయి? సగం సగం పెడుతున్నావా?"

"సగవెందుకు పెడతానండీ? పిల్లకో గుడ్డు నిండుగా పెడతన్నాను."

"అరవయ్యే కదా ఇస్తామన్నారు?"

"నూటిరవై పంపేరండి." మంగతాయారు గరిటెతో తన గుండె మీద తట్టుకుంది. "గుడ్డుని భాగించమన్న కాగితంలో పిల్లల్ని భాగించొద్దని ఎక్కడైనా ఉందేంటండీ? లేదు. భాగించేసేను. నూటిరవై మందిని అరతో భాగిత్తే రెండొందల నలభై. రెండొందల నలభై మందికి వాళ్ళ లెక్క ప్రకారవే నూటిరవై గుడ్లు. పిల్లలు పెరిగేరని మెచ్చుకుని మరీ పంపేరండి."

భీమశంకరం కుర్చీలోంచి లేచాడు. భీమ లేచాడు, శంకరమూ లేచాడు. ఇద్దరూ ఒకేసారి లేవడం నిబంధనలకి విరుద్ధం.

"తల్లీ! ఒక పక్కనే భాగించాడు వాడు! రెండో పక్క కూడా భాగిస్తే తూకం ఎక్కడిదక్కడే! ఆరో తరగతి లెక్క అమ్మా ఇది! ఇరవై ఆరేళ్ళుగా నేనే చెబుతున్న లెక్క!"

"చెబితే సరిపోద్దేంటండీ," అంది మంగతాయారు. "వాడాలి గానీ."

గురువారం భీమశంకరం బస్సెక్కి జిల్లా కార్యాలయానికి వెళ్ళాడు. వర్మగారి గదిలో ఉన్నతస్థాయి సమావేశం జరుగుతోంది. ఉన్నతస్థాయి అంటే వర్మగారు కుర్చీలో ఉన్నారు, గుమాస్తాలు నిలబడి ఉన్నారు. బల్ల మీద ఒక కేకు, ఒక చాకు. ఆ ఉత్సాహం చూస్తే, కోస్తున్నది కేకునో శాఖనో తెలియడం కష్టం.

"అరచే భాగించిన రెట్టింపు," అంటున్నారు వర్మగారు చాకు ఊపుతూ. "పావుచే భాగించిన నాలుగింతలు. పరకచే భాగించిన ఎనిమిదింతలు. భాజకము ఎంత చిన్నదైన అభివృద్ధి అంత పెద్దది. అన్నింటికన్నా చిన్నది ఏది?"

"సున్నా సార్," అన్నాడు గుమాస్తా.

"భేష్! సున్నాచే భాగించిన ఎన్ని గదులు వచ్చును? మాస్టారూ, సరైన వేళకు వచ్చితిరి. సెలవివ్వండి."

"సున్నాతో భాగించడం కుదరదు సార్. దాన్ని నిర్వచించలేదు."

"నిర్వచించలేదనగా, ఇంకను ఉత్తర్వు రాలేదన్నమాట," అన్నారు వర్మగారు గుమాస్తా వైపు తిరిగి. "రాసుకో. రప్పిద్దాం."

భీమశంకరం గొంతు సవరించుకుని కాగితం ముందుకు జరిపాడు. ఉత్తర్వుల భాషలోనే మొదలెట్టాడు. "అయ్యా, తమరి భాగాభివృద్ధి పథకమును మా బడియందు సంపూర్ణముగా అమలుపరచితిమి. ఒక్క లోపము మిగిలిపోయినది. గదులను భాగించితిమి, గురువులను భాగించితిమి, సెక్షన్లను భాగించుట మరచితిమి."

వర్మగారి చాకు గాల్లో ఆగింది. "అదెట్లు మరచితిరి?"

"మన్నించవలెను. నిన్ననే సరిదిద్దితిమి. ఆరు సెక్షన్లను అరచే భాగించగా పన్నెండు. విద్యార్థుల సంఖ్య నూట ఇరవై నుండి రెండు వందల నలభైకి పెరిగినది."

"పెరిగినది!" వర్మగారు లేచి నిలబడ్డారు. "జిల్లాలో ఏ బడిలోనైనను ఒక్క దినములో విద్యార్థుల సంఖ్య రెట్టింపైనదా?"

"లేదు సార్," అన్నారు గుమాస్తాలు ముక్తకంఠంతో.

"అయితే సెక్షన్లు పన్నెండు. గదులు తమరి లెక్క ప్రకారమే ఆరు. పన్నెండులో ఆరు పోగా..." భీమశంకరం తల గీరుకున్నాడు, తనకి రానట్టు.

"ఆరు!" అన్నారు వర్మగారు. తీసివేత మాత్రం ఆయనకి బాగా వచ్చు, ఉద్యోగాల విషయంలో అలవాటు. "ఆరు గదుల కొరత!"

"అర్ధగదుల కొరత సార్. తమరు ఆరు అన్నది అర్ధగదులనే కదా. అందుకని అర్ధగదులు అనే రాశాను. ఆరు అర్ధగదులు."

"అర్ధగది! ఆహా! ఇకమీదట శాఖలో అదియే ప్రామాణికము." వర్మగారు సంతకం చేస్తూ ఒక్క క్షణం ఆగారు. "మాస్టారూ, మీ బడికి లోగడ మూడు గదులు మంజూరైనట్టు గుర్తు. మూడు ఎక్కడ, ఆరు ఎక్కడ? మంజూరైనది చాలునా?"

"మూడింటిని అరతో భాగించుకుంటాం సార్. ఆరే అవుతాయి."

"అద్గదీ!" అన్నారు వర్మగారు. సంతకం పడింది. రబ్బరు ముద్ర పడింది. భీమశంకరానికి మెట్ల మీద కాలు జారింది గానీ ఆయన మాత్రం పడలేదు. కాగితం గుండెలకి కరుచుకుని బస్టాండు దాకా పరిగెత్తాడు.

శుక్రవారం ఇటుకల లారీ వచ్చింది. భీమశంకరం కాగితం చూపించాడు. డ్రైవరు చదివి, "ఆరు అర్ధగదులా? అంటే ఎన్నండీ?" అన్నాడు. "మూడండీ," అన్నారు ఏడో తరగతి పిల్లలు ఇరవై మందీ ఒక్క గొంతుతో, తాండ్ర లేకుండానే. లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది. గంగరాజు ఇటుకల మీంచి దిగి, నడుం పట్టేసిందని అరగంట నిలబడలేకపోయాడు.

నాలుగు నెలల్లో గదులు లేచాయి. మూడంటే మూడే. నిండుగా, నిటారుగా, ఒక్కోదానికీ తలుపూ, బోర్డూ, ఎవరిదీ కాని గాలిని అందరికీ పంచే ఫ్యానూ. ప్రారంభోత్సవానికి వర్మగారే వచ్చారు. రిబ్బను కత్తిరించి, రెండు ముక్కలైనందుకు తనే చప్పట్లు కొట్టుకున్నారు. మొదటి గదిలోకి అడుగుపెట్టి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూశారు. మళ్ళీ ఆ గోడ నుంచి ఈ గోడ దాకా చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"మాస్టారూ, ఆరు అర్ధగదులని కదా కాగితము. ఇందు రెండు సగములను వేరు చేయు గోడ ఏది? గీత ఏది? దృశ్య నమూనా ఏది?"

పేరిందేవి గారు, అంటే పేరీ దేవీ ఇద్దరూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. గంగరాజు తాపీ వెనక దాచాడు. భీమశంకరం మాత్రం నోరు తెరిచి, ఏం చెప్పబోతున్నాడో తనకే తెలియకుండా చెప్పేశాడు.

"ఉంది సార్. ఇది అదృశ్య నమూనా."

వర్మగారు ఆ ఖాళీ స్థలాన్ని, గోడ లేనిచోట గోడని, గీత లేనిచోట గీతని, చాలాసేపు తన్మయంగా చూశారు. ఆయన పెదవులు కదిలాయి.

"అదృశ్య... నమూనా," అన్నారు నెమ్మదిగా. "కంటికి కనపడదు. కానీ ఉన్నది. అనగా, అసలు కట్టనవసరమే లేదు." జేబులోంచి డైరీ తీశారు. పెన్ను మూత విప్పారు.

భీమశంకరం ఇంక ఆగలేదు. వరండాలోకి దూకి, "ఒరేయ్, రండ్రా! పరిగెత్తండ్రా!" అని కేకేశాడు. సైకిళ్ళ షెడ్డులోంచి, కొబ్బరిచెట్ల కిందనుంచి, వరండాలోంచి, సగం గదుల్లో పట్టక మళ్ళీ బయటపడ్డ మూడు సెక్షన్లూ పుస్తకాల సంచులు ఎగరేసుకుంటూ వచ్చి మూడు కొత్త గదుల్లోనూ దబదబా కూలబడ్డాయి. గోడ నుంచి గోడ దాకా పిల్లలే, సందు లేకుండా. వర్మగారు డైరీలో మొదటి వాక్యం పూర్తి చేసేలోపు భీమశంకరం తలుపులు కూడా వేసేశాడు. ఉన్న గదిని ఉత్తర్వుతో మాయం చెయ్యొచ్చు. బెంచీలు తొక్కుతూ గోల పెట్టే అరవై మంది పిల్లల్ని మాత్రం ఏ శాఖా ఇప్పటిదాకా అదృశ్యం చెయ్యలేకపోయింది.